చుక్కల పుస్తకంలో కనబడని అంకె

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు చూపించడానికి మేనేజర్ల గురించి చిన్న చిన్న వీడియోలు తీస్తున్నారు. ఎక్కడ పుట్టారు, ఎలా చదివారు, ఇంజనీరింగ్‌లోకి ఎలా వచ్చారు, ఏ కష్టం దాటి వచ్చారు అని నాలుగు ప్రశ్నల కాగితం నాకూ వచ్చింది. బుద్ధిమంతుడిలా నింపి ఇచ్చాను. పుట్టింది నస్పూర్‌లో, కంపెనీ క్వార్టర్‌లో. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయి లోపల నీళ్లు తోడే పంపు నడిపేవాడు. ఇంటర్ దాకా అక్కడే, తర్వాత కరీంనగర్‌లో ఇంజనీరింగ్. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్‌ని. కష్టం అన్న గడిలో 'ఆర్థిక ఇబ్బందులు' అని రాశాను. ఆ గడిలో అందరూ రాసేది అదే.

వీడియోల పని చూసే అమ్మాయికి ఇది చప్పగా అనిపించినట్టుంది. ఇంటివాళ్ల నంబరు ఒకటి ఇవ్వమంది. అన్న నంబరు ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నా టేబుల్ దగ్గరకు వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది.

"సార్, ఇంత గొప్ప విషయం దాచారేంటి మీరు?"

ఫోన్‌లో మా అన్న. క్వార్టర్ ముందు ప్లాస్టిక్ కుర్చీలో, ఆదివారం తొడిగే ఇస్త్రీ చొక్కాతో కూర్చుని చెబుతున్నాడు.

"మా తమ్మునికి పుట్టుకతోనే రంగులు కనవడయి మేడం. ఎర్రది, పచ్చది వానికి ఒక్కతీరే ఉంటయి. గా కండ్లతోనే ఇంజనీరింగ్ చదివిండు. అంత రంగు వైర్ల పనే గదా! మేము మస్తు పరేషాన్ అయినం. గని మావోడు ఎన్నడు ఎనుకకు పోలే. నాకంటే చిన్నోడే గని, వానికి నేనే దండం పెట్టాలె."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. నాకు ఏసీ గదిలో వీపంతా తడిసిపోయింది. ఎందుకంటే నా కళ్లు నిక్షేపంగా ఉన్నాయి. ఎర్రది ఎర్రగా, పచ్చది పచ్చగా, పుట్టిన దగ్గర్నుంచీ అందరికీ కనబడినట్టే నాకూ కనబడుతోంది. ఈ సంగతి మా ఇంట్లో ఇరవై నాలుగేళ్లుగా నాకొక్కడికే తెలుసు.

మా బొగ్గుబాయి ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. బాయిలో పనిచేసే మనిషి జబ్బుపడి ఇక పనికి రాడని డాక్టర్లు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. ఒక్క కొడుక్కే. ఎవరైనా 'అన్‌ఫిట్' అయ్యారని తెలిస్తే ఇంకో ఊళ్లో అయ్యో పాపం అంటారు. మా క్వార్టర్లలో మాత్రం మిఠాయి పంచిన ఇళ్లున్నాయి. బాపు ఊపిరితిత్తులు చెడిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసపడే రోజుల్లో ఆ కాగితం మా ఇంటికీ వచ్చింది. కొడుకు పేరు రాసివ్వాలి, గడువులోపల ఆ కొడుకు డాక్టరు పరీక్ష దాటాలి.

ఎవరి పేరు రాయాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు. అన్న అప్పటికి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ రెండేళ్లు పూర్తి చేశాడు. ఇంకొక్క ఏడాది చదివితే డిప్లొమా, ఆ తర్వాత పరీక్ష రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో ఏడులో చేరాలని వాడి ఆలోచన. వాడి చేయి పడితే పాడైన ఫ్యానైనా, చర్చిలో గరగరలాడే మైకైనా దారికి వచ్చేది. నేనేమో ఇంటర్ లెక్కల్లో తప్పి, పొద్దంతా క్యారమ్‌బోర్డు దగ్గర కూర్చునేవాణ్ణి. అప్పుడే పద్దెనిమిది నిండాయి. చదివేవాడు చదవాలి, చదవనివాడు బాయికి పోవాలి. ఇప్పుడు ఆలోచించినా అందులో నాకు ఏ అన్యాయమూ కనబడదు.

పరీక్షకు వారం ముందు బాపు పై అధికారిని బతిమాలి నన్ను బాయి లోపలికి తీసుకెళ్లాడు. తను పనిచేసిన చోటు కొడుక్కి చూపించాలని ఆయన ముచ్చట. ఏటవాలు దారిలో చాలాసేపు దిగాం. మధ్యమధ్య ఆగి, గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని మళ్లీ దిగేవాడు. పంపు దగ్గరకు చేరాక దాని మీద చేయి వేసి నిమిరాడు. తర్వాత నవ్వుతూ అన్నాడు.

"నీ టోపీ లైటు బంద్ చెయ్‌రా. నేను గూడ బంద్ చేస్త. అసలు చీకటంటే ఎట్లుంటదో సూపిస్త."

రెండు లైట్లూ ఆరిపోయాయి. నా చేయి నాకు కనబడలేదు. కళ్లు తెరిచానో మూసుకున్నానో కూడా తెలియలేదు. పైనుంచి నీళ్లు కారుతున్నాయి, దూరంగా ఎక్కడో కర్ర దూలం కిర్రుమంది. బాపు నవ్వుతూనే ఉన్నాడు. నా ప్యాంటు తడిసింది. అక్కడ అన్నీ తడిగానే ఉంటాయి కాబట్టి లైటు వేశాక ఆయనకు తెలియలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు.

"మంచిగున్నది బాపూ" అన్నాను.

భయమైందని ఆ రోజే చెప్పి ఉంటే సరిపోయేది. కానీ మా క్వార్టర్లలో పద్దెనిమిదేళ్ల మగపిల్లాడు బాయంటే భయమంటే, ఆ మాట పెళ్లయ్యేదాకా వాణ్ణి వదలదు. పైగా ఆ చీకట్లో జీవితమంతా గడిపిన మనిషికి ఆ మాట ఎలా చెప్పాలి? ఇదంతా నేను ఇప్పుడు వెతుక్కుంటున్న సాకే అనుకోండి. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, మళ్లీ అందులోకి దిగకూడదు.

పరీక్ష రోజు ఆస్పత్రి వరండాలో నాలాంటి వాళ్లు పదిమంది వరసలో ఉన్నారు. నా ముందున్న కుర్రాడు పక్కవాడితో అంటున్నాడు, "పోయిన నెల ఒకన్ని రంగులు తెల్వయని ఎనుకకు పంపిన్రట. రంగులు తప్పితే బాయిల దించరు." ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచివచ్చింది.

డాక్టరు పెద్దాయన. రంగులు పరీక్షించే చుక్కల పుస్తకం తెరిచాడు. మొదటి పేజీలో రంగురంగుల చుక్కల మధ్య పన్నెండు అంకె గోడ మీద రాసినంత పెద్దగా కనబడింది.

"ఎంత?"

"ఏం కనవడ్తలేదు సార్."

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. "సరిగ్గా చూడు."

"చుక్కలే కనవడ్తున్నయి సార్."

తర్వాతి పేజీలన్నింటికీ ఏదో ఒక తప్పు అంకె చెప్పాను. పుస్తకం మూసి, ఆయన మళ్లీ ఒకసారి నా మొహంలోకి చూశాడు. తర్వాత కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. బయట కాంపౌండరు అడగకపోయినా బాపుకు జ్ఞానబోధ చేశాడు.

"గిది తల్లి దిక్కు నుంచి వస్తది. తల్లికి ఏం గాదు, కొడుకులకు తగుల్తది."

ఆ సాయంత్రం బాపు అన్నం ముందు కూర్చుని అవ్వతో, మా అమ్మతో, అన్నాడు, "మీ అవ్వగారింటి కండ్లు గట్లున్నయి మరి." తర్వాత బాపు పోయేదాకా ఏ చిన్న గొడవ వచ్చినా ఆ మాట బయటికి వచ్చేది.

నాలుగో రోజు అన్న పాలిటెక్నిక్ హాస్టల్ నుంచి ట్రంకుపెట్టెతో దిగాడు. గడువు దగ్గరపడింది, ఇంకో కొడుకు లేడు, వాడు రాకపోతే ఉద్యోగమే పోతుంది. చుక్కల పుస్తకం నిమిషంలో గడగడా చదివేశాడట. ఇంటికొచ్చి తన పుస్తకాలూ, డ్రాయింగ్ బోర్డూ నా మంచం మీద పెట్టాడు.

"గివి నీకు పనికొస్తయి తమ్మీ. లెక్కలు మల్ల రాయి. కండ్ల గురించి ఫికర్ చెయ్యకు, నేనున్న."

నెల తిరక్కుండా టోపీ పెట్టుకుని ఫస్ట్ షిఫ్టుకు పోయాడు.

నేను చదివాను. తెలివి పుట్టుకొచ్చి చదివాననుకోకండి. వాడు బాయినుంచి వచ్చి చేతులు కడుక్కుంటున్నప్పుడు నేను పుస్తకం లేకుండా కనబడితే తల కొట్టేసినట్టుండేది, అందుకు చదివాను. లెక్కలు గట్టెక్కాయి, ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది, కరీంనగర్‌లో ఎలక్ట్రానిక్స్ సీటు దొరికింది. అన్న చదవాలనుకున్న చదువుకు నేను పోయాను. వీడియోలో దీన్ని నా ప్రయాణం అంటారట.

మొదటి ఏడాది ల్యాబులో రెసిస్టర్ల పని మొదలైంది. బియ్యపుగింజకంటే కొంచెం పెద్దగా ఉండే ఆ ముక్కల విలువ వాటి మీది రంగు గీతలను బట్టే తెలుస్తుంది. ఉత్తరంలో ఆ ముక్క రాయడం నా బుద్ధితక్కువ. ఆ ఆదివారమే అన్న మంచిర్యాలలో రైలెక్కి, పెద్దపల్లిలో దిగి, బస్సు పట్టుకుని హాస్టల్‌కు వచ్చాడు. చర్చి ఎగ్గొట్టి రావడం వాడి జీవితంలో అదే మొదలు. జేబులో చిన్న చిన్న కాగితపు కవర్లు. మెట్ల మీద కూర్చుని నా పెట్టెలోని రెసిస్టర్లు ఒక్కొక్కటే ఎండకు పట్టి చూసి, విలువ రాసి, కవర్లలో వేశాడు. గోళ్ల సందుల్లో బొగ్గు. ఆ వేళ్లతో అంత చిన్న ముక్కలు పట్టుకోవడం కష్టంగా ఉంది వాడికి. పక్కన కూర్చుని, అన్ని రంగులూ వాడికంటే ముందే చదువుతూ, నోరు మూసుకున్నాను. ఒక్కచోట వాడు తడబడితే నా నోరు జారింది.

"నారింజ" అన్నాను.

చేతిలో ముక్క అలాగే పట్టుకుని నా మొహంలోకి చూశాడు. అయిపోయిందనుకున్నాను. వాడు ఫక్కున నవ్వాడు.

"అందాజగ బరాబర్ చెప్పినవ్ కదరా!"

అప్పుడు చెప్పాల్సింది. మెట్ల మీద మేమిద్దరమే ఉన్నాం. బహుశా నాలుగు తిట్టి, లేచిపోయి, మళ్లీ వచ్చేవాడు. నేను మాత్రం సాయంత్రం బస్టాండు దాకా వెళ్లి బస్సెక్కించి వచ్చాను.

అబద్ధాన్ని ఒకసారి చెప్పి ఊరుకుంటే సరిపోదు, దాన్ని రోజూ మేపాలి. పండుగకు చొక్కా కొంటే అన్న రంగు చెప్పేవాడు, నేను తల ఊపేవాణ్ణి. టమాటాల్లో పండినవి ఏరమంటే అవ్వ నా చేతిలోంచి బుట్ట లాక్కునేది. ప్రతి ఆదివారం చర్చిలో పాస్టరయ్య ప్రార్థన అవసరాలు అడగగానే అవ్వ లేచి నిలబడి, "నా చిన్న కొడుకు కండ్ల కోసం ప్రార్థన చెయ్యున్రి" అనేది. చర్చి మొత్తం నా కళ్ల కోసం కళ్లు మూసుకునేది. నేను ఒక్కణ్ణే తెరిచి కూర్చునేవాణ్ణి.

ఇంతవరకే అయితే ఏదోలా సర్దుకుని బతికేవాణ్ణేమో. హుస్నాబాద్‌లో మా మామ, అవ్వకు సొంత అన్న, వ్యవసాయం చేసేవాడు. ఆయన కూతురిని మా అన్నకు చేసుకోవాలని చిన్నప్పటినుంచీ అనుకున్న మాట. అన్న సెలవులకు అక్కడికి వెళ్లి మామ వాళ్ల బోరు మోటారు స్టార్టర్ విప్పి కూర్చునేవాడు, ఆ పిల్ల పానాలు అందించేది. అన్నకు ఉద్యోగం స్థిరపడ్డాక మామ బత్తాయిల సంచితో మా క్వార్టర్‌కు మాట ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. నేను అప్పుడు సెలవులకు ఇంట్లోనే ఉన్నాను.

అవ్వ చేతులు జోడించి అడ్డం తిరిగింది. "ఒద్దన్నా. నా నెత్తురుల గా దోషమున్నది. చిన్నోని బతుకు సూస్తున్నవ్ కదా. నీ నెత్తురు నా నెత్తురు కలిస్తె పుట్టే పోరగాండ్లకు గూడ గవ్వే కండ్లొస్తె ఎట్ల?"

"మా ఇంట్ల ఎవలకున్నదే గా రోగం?" మామ గొంతు లేచింది. "నా కండ్లకేమైంది? నా బిడ్డ కండ్లకేమైంది?"

"నేను చెయ్యనన్నా. నన్ను బలవంతం చెయ్యకు."

మామ మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. అన్న గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నాడు, చెప్పులేసుకుని షిఫ్టుకు పోయాడు. నేను పక్కగదిలో, తెరిచిన పుస్తకం ముందు ఉన్నాను. నాలుగడుగులు వేసి ఒక్క మాట అంటే ఆ పెళ్లి జరిగేది. వేయలేదు. ఆ పిల్లకు వేరే సంబంధం చేశారు, అన్నకూ వేరే సంబంధం కుదిరింది. వచ్చిన వదిన బంగారంలాంటి మనిషి, ఆవిడ గురించి నాకు ఒక్క వంక లేదు. కానీ అవ్వకు పుట్టిల్లు పోయింది. మూడేళ్ల కింద మామ చనిపోతే వెళ్లి, అత్త మాట్లాడకపోతే, మట్టి వేసి అదే రోజు తిరిగొచ్చింది.

ఆఫీసులో ఒకసారి, రంగులు తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేలా యాప్ తెరలు తయారుచేయాల్సి వచ్చింది. మా టీములో కుర్రాడొకడు ఆ చుక్కల పరీక్షే కంప్యూటర్లో చూపిస్తూ, "సార్, ఈ మొదటి పేజీ అందరికీ కనబడుతుంది. రంగులు తెలియనివాళ్లకైనా సరే. ఇది కూడా కనబడలేదంటే వాడు అబద్ధం చెబుతున్నట్టే" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అంటే ఆ పెద్ద డాక్టరుకు ఆ రోజే తెలుసు. నా మొహంలో భయం చూసి జాలిపడ్డాడో, ఎవడి గొడవ నాకెందుకనుకున్నాడో. నా వెనక ఒక అన్న ఉన్నాడని ఆయనకు తెలియదు కదా. ఆయనకు దండం పెట్టాలో ఆయన మీద మండిపడాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అసలు తప్పు నాదైనప్పుడు ఆ పెద్దాయన్ని మధ్యలోకి లాగడమెందుకు?

వీడియో ఆపెయ్యమని ఆ అమ్మాయికి చెప్పాను. "అది నిజం కాదు" అంటే వినయం అనుకుంది. ఆ శనివారం పొద్దున్నే మంచిర్యాల రైలెక్కాను.

నేను వెళ్లేసరికి అన్న వరండాలో చర్చి మైకు విప్పి కూర్చున్నాడు. వదిన పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయింది. అవ్వ లోపల బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సంచి కూడా దించకుండా అనేశాను.

"అన్నా, నాకు రంగులు కనవడ్తయి."

అన్న మొహం చేటంతయింది. "ఆపరేషన్ చేపిచ్చుకున్నవా? మాకొక్క మాట చెప్పకపోతివి! ఎప్పుడు?"

నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. "ఆపరేషన్ గాదన్నా. ముందు నుంచి మంచిగనే ఉన్నయి. బాయంటే భయమైంది. డాక్టర్‌కు అబద్ధం చెప్పిన."

వాడు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. విప్పిన మైకు ముక్కలు వరసగా సర్దాడు. నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఇంకొక్క ఏడాది ఉండె నాకు."

"తప్పయిందన్నా."

"భయమైతుందని నాతోటి అంటే నేనే పోతుంటి గదరా. నీకు నేను ఒద్దంటుంటినా? నవ్వుకుంటనే పోదును. నడుమ అవ్వ మీద పడకపోవు గా మాట." అప్పుడు తలెత్తాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "పో. అవ్వకు చెప్పు."

చెప్పనక్కర్లేకపోయింది. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో చేట అలాగే ఉంది.

"అయితే నా దిక్కు నుంచి ఏం రాలే?" అంది.

"ఏం రాలేదవ్వా."

"నా నెత్తురుల ఏం లేదు?"

"లేదు."

చేట కింద పెట్టి గడప మీద కూర్చుంది. కొడుతుందనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నన్ను చూడనైనా చూడలేదు. అన్నతో అంది, "హుస్నాబాద్‌కు ఫోన్ కలుపు. వీన్నే చెప్పుమను. నేను చెప్తే వదిన నమ్మది."

అన్న అత్తకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టి, నా చేతికిచ్చాడు. నేను చెప్పాను. రెండోసారి చెప్పడం సులువవుతుందనుకున్నాను, కాలేదు. చుక్కల పుస్తకం, బాయి, భయం, పక్కగదిలో కూర్చుని విన్న ఆ రోజు, అన్నీ చెప్పాను. అవతల నుంచి అత్త గొంతు మెల్లగా వినబడింది.

"మీ మామ మంచంల పడ్డంక గూడ అద్దం తెప్పిచ్చుకునేటోడు బిడ్డా. 'మా చెల్లెకు నా కండ్లల్ల ఏం దోషం కనవడ్డదే, జర నువ్వన్న సూసి చెప్పు' అని నన్నడుగుతుండె."

అవ్వ చేయి చాచి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "వదినా" అంది. ఫోన్ చెవికి ఆనించుకుని, లేచి లోపలికి వెళ్లింది.